పీట్ లేని పాటింగ్ మిక్స్: ఒక సాగుకాలం వాడిన తరువాత

పాటింగ్ మిక్స్ అంటే కుండీల్లో మట్టికి బదులు నింపే మిశ్రమం; పీట్ అంటే చిత్తడి నేలల్లో సగం కుళ్ళి పేరుకున్న నాచు. కొబ్బరిపొట్టు, కుళ్ళబెట్టిన చెట్టు బెరడు, చెక్క పీచు కలిపి తయారుచేసిన పీట్ లేని పాటింగ్ మిక్స్‌ను ఒక సాగుకాలమంతా టమాటా, మిరప, బంతి, పెటునియా కుండీలలో వాడి, అవే మొక్కలను పక్కనే పీట్ ఆధారిత మిశ్రమంలోనూ పెంచి, రెండింటినీ పోల్చి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. ఎదిగిన మొక్కల విషయంలో పీట్ లేని మిశ్రమం ఏ మాత్రం తీసిపోలేదు. అయితే దానికి నీరు పోసే పద్ధతి వేరు, ఎరువు వేయవలసిన వేళ వేరు. ఆ సంగతి సంచి మీద ఎక్కడా రాసి లేదు. ఇలాంటి మిశ్రమాన్ని ఒకసారి వాడి, మొక్కలు పాడయ్యాయని మళ్ళీ పీట్ కొనుక్కునేవారి నిరాశకు చాలావరకు ఆ చెప్పని సంగతే కారణమని నా నమ్మకం.

పీట్‌ను ఎందుకు వదులుకోవాలో తెలియాలంటే అది పుట్టే చోటు గురించి తెలియాలి. ఎప్పుడూ నీరు నిలిచి ఉండే చల్లని చిత్తడి నేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది. చనిపోయిన నాచుకు గాలి అందదు కనుక అది పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఈ పేరుకోవడం ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే; అంటే మీటరు మందం పీట్ ఏర్పడడానికి దాదాపు 1,000 ఏళ్ళు పడుతుంది. భూమి మీది నేలలో ఇలాంటివి 3 శాతమే అయినా, ప్రపంచంలోని అడవుల్లో ఉన్న చెట్టూ చేమా అంతా కలిపి దాచుకున్న కర్బనం కంటే వీటిలో ఉన్నదే ఎక్కువ. పీట్ తీయాలంటే ముందుగా కాలువలు తవ్వి నీటిని బయటికి పంపాలి, పైనున్న సజీవమైన నాచును తొలగించాలి, ఆ తరువాత ఎండిన పైపొరను యంత్రాలతో కొద్దికొద్దిగా తీసుకుంటూ పోవాలి. నీటిమట్టం దిగగానే గాలి లోపలికి చేరుతుంది, వేల ఏళ్ళుగా నిలిచిపోయిన కుళ్ళడం మళ్ళీ మొదలవుతుంది, దాచుకున్న కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. సంచిలో ఇంటికి వచ్చిన పీట్ కూడా మన కుండీలో నెమ్మదిగా ఆ దారినే పోతుంది.

పీట్ లేనిదే కుండీల పెంపకం సాగదన్న భావన అంత పాతదేమీ కాదు. 1930లలో బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థ రూపొందించిన ప్రసిద్ధ మిశ్రమంలో 7 పాళ్ళు గరప మట్టి, 3 పాళ్ళు పీట్, 2 పాళ్ళు ఇసుక ఉండేవి. అక్కడ పీట్ సహాయక పదార్థం మాత్రమే. 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పీట్‌కు వర్మిక్యులైట్ లేదా పెర్లైట్ (వేడిచేసి ఉబ్బించిన తేలికపాటి ఖనిజాలు) కలిపి, మట్టి అసలే లేని తేలికపాటి మిశ్రమాలను ప్రచారంలోకి తెచ్చాక పీట్‌దే పైచేయి అయింది. అందుకు తగిన గుణాలు దానికి నిజంగానే ఉన్నాయి. అది తేలికగా ఉంటుంది, తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టుకుంటుంది, కలుపు విత్తనాలు దాదాపు ఉండవు, ఏ సంచి విప్పినా ఒకేలా ఉంటుంది. స్ఫాగ్నమ్ పీట్ ఉదజని సూచిక (pH) సుమారు 3.5 నుంచి 4.5 వరకు ఉంటుంది కనుక పులుపు ఎక్కువ. సున్నం కలిపి దాన్ని కావలసిన స్థాయికి తెచ్చుకోవచ్చు. పోషకాలు అతి తక్కువ కాబట్టి తయారీదారు తనకు తోచిన మోతాదులో ఎరువు కలుపుకోవచ్చు. ఈ సుగుణాలను ఒప్పుకోకుండా పీట్‌ను విమర్శిస్తే అది న్యాయం కాదు.

ఇక సమీక్షిస్తున్న మిశ్రమం సంగతి. సంచి విప్పగానే అడవిలో తడి ఆకుల కింద వచ్చే వాసన వచ్చింది. కుళ్ళు కంపు లేదు, అమోనియా ఘాటు లేదు. చేతిలోకి తీసుకుంటే సన్నని కొబ్బరిపొట్టు మధ్య బెరడు ముక్కలు, అక్కడక్కడ గోరంత చెక్క పేళ్ళు తగిలాయి. గుప్పిట బిగించి వదిలితే ముద్ద నిలిచింది, వేలితో తడితే విడిపోయింది. పీట్ మిశ్రమం కంటే ఇది ముతకగా, కొంచెం బరువుగా ఉంది.

అసలు తేడా నీటి దగ్గర బయటపడింది. పీట్ మిశ్రమం తడిగా ఉంటే నల్లగా, ఆరితే లేత గోధుమ రంగులో కనిపిస్తుంది కాబట్టి పైపొరను చూసి లోపలి తడిని అంచనా వేయవచ్చు. పీట్ లేని మిశ్రమంలో ఆ లెక్క తప్పుతుంది. పైనున్న ముతక ముక్కలు పొద్దున పోసిన నీటిని మధ్యాహ్నానికే వదిలేసి పొడిగా, పాలిపోయినట్లు కనిపిస్తాయి; అప్పుడు వేలిని రెండో కణుపు వరకు దించి చూస్తే లోపల చల్లగా, తడిగా ఉంటుంది. ఆ పొడి పైపొరను నమ్మి మళ్ళీ నీరు పోస్తే అడుగున నీరు నిలిచి వేర్లు ఊపిరాడక కుళ్ళిపోతాయి, ఆకులు వడలుతాయి; వడలిన ఆకులను చూసి నీరు చాలలేదనుకుని ఇంకా పోస్తాం. ఈ మిశ్రమాల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. దీనికి వేలితో చూడడం ఒక ఉపాయం, కుండీని ఎత్తి బరువు చూడడం అంతకంటే మంచి ఉపాయం. నీరు పోసిన వెంటనే ఒకసారి ఎత్తి చూస్తే తడి కుండీ బరువెంతో చేతికి తెలుస్తుంది, ఆ తరువాత తేలికైనప్పుడే పోస్తే సరిపోతుంది. ఒకేసారి ఎక్కువగా కాకుండా తక్కువ తక్కువగా, కాస్త తరచుగా పోయడం దీనికి బాగా నప్పింది.

మరో వైపు కూడా చెప్పాలి. పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని తీసుకోదు. కుండీ అంచుల నుంచి ముడుచుకుని గట్టి ముద్దలా మారుతుంది. పైన పోసిన నీరు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రం నుంచి బయటికి వచ్చేస్తుంది, వేర్ల ముద్ద మాత్రం లోపల పొడిగానే ఉండిపోతుంది. బక్కెట్ నీటిలో కుండీని ముంచి చాలాసేపు ఉంచితే తప్ప అది మళ్ళీ తడవదు. కొబ్బరిపొట్టు ఉన్న మిశ్రమం ఎంత ఎండినా పోసిన నీటిని సులువుగా పీల్చుకుంది. ఒకటి రెండు రోజులు మొక్కలను చూసుకోలేని వారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఎరువు విషయంలో మాత్రం ఓపిక కావాలి. చెక్క పీచు, బెరడు ఇంకా కుళ్ళుతూ ఉంటాయి. ఆ పనిచేసే సూక్ష్మజీవులు మిశ్రమంలోని నత్రజనిని తమ కోసం వాడుకుంటాయి, మొక్కకు అందేది తగ్గుతుంది. టమాటా మొక్కల్లో కింది ఆకులు పసుపు తిరగడం మొదట కనిపించిన లక్షణం. నీటిలో కరిగే ఎరువును పలచగా వారానికోసారి ఇవ్వడం మొదలుపెట్టాక కొత్త ఆకులు ముదురు ఆకుపచ్చగా వచ్చాయి, కాపు విషయంలో రెండు రకాల కుండీల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పీట్ మిశ్రమానికి అలవాటుపడినవారు ఎరువు మొదలుపెట్టే వేళ కంటే దీనికి ముందే మొదలుపెట్టాలి. అప్పుడప్పుడు పైన తెల్లని బూజు కూడా కనిపిస్తుంది. అది చెక్కను తినే శిలీంధ్రం, మొక్కకు హాని చేయదు, పైపొరను కాస్త కదిలిస్తే పోతుంది.

సన్నని విత్తనాలకు మాత్రం ఈ మిశ్రమాన్ని ఉన్నది ఉన్నట్లుగా సిఫారసు చేయలేను. బంతి, టమాటా విత్తనాలు బాగానే మొలిచాయి కానీ, ధూళి లాంటి పెటునియా విత్తనాలు బెరడు ముక్కల సందుల్లోకి జారిపోయాయి, మొలక పలచగా వచ్చింది. అదే మిశ్రమాన్ని సన్న జల్లెడ పట్టి వాడితే ఫలితం మెరుగైంది. అయినా నారు పోయడానికి విడిగా తయారుచేసిన మెత్తని పీట్ లేని మిశ్రమం కొనుక్కోవడమే మంచిది.

కొబ్బరిపొట్టు గురించి ఒక హెచ్చరిక అవసరం. కోకోపీట్ అనే పేరుతో అమ్మేది కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టే, చిత్తడి నేలల పీట్‌తో దానికి సంబంధం లేదు. కొబ్బరి డొక్కలను ఉప్పునీటిలో నానబెట్టే చోట్ల నుంచి వచ్చిన పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. అలాంటి పొట్టు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని మొక్కకు అందనివ్వదు. బాగా కడిగి, కాల్షియం నైట్రేట్‌తో శుద్ధిచేసిన పొట్టును వాడారా లేదా అన్నది సంచి మీద రాయాలి. కడగడానికి మంచినీరు చాలా ఖర్చవుతుందన్నది, దూరదేశాలకు ఓడల్లో పంపాలన్నది కొబ్బరిపొట్టు మీద ఉన్న నిజమైన అభ్యంతరాలు. నొక్కి ఇటుకలుగా చేసి ఎండుగా పంపడం వల్ల రవాణా భారం కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. అందుకే కొబ్బరిపొట్టు ఒక్కదాని మీదే ఆధారపడకుండా దగ్గరలో దొరికే బెరడు, చెక్క పీచు, ఆకు ఎరువు కలిపిన మిశ్రమాలనే నేను ఇష్టపడతాను.

పీట్‌ను సమర్థించేవారు చెప్పే ఒక మాటలో నిజం ఉంది. వ్యవసాయానికి, కలప తోటలకు ఎండబెట్టిన చిత్తడి నేలల విస్తీర్ణం ముందు మొక్కల పెంపకం కోసం తవ్వేది చాలా స్వల్పం. తవ్విన చోట్ల నీటిని మళ్ళీ నిలబెట్టి, నాచు ముక్కలు చల్లి పునరుద్ధరించే పద్ధతులు కెనడాలో బాగానే అభివృద్ధి చెందాయి. అయితే నాచు కొన్నేళ్ళలో తిరిగి పచ్చబడినా, తవ్వి తీసిన పీట్ మళ్ళీ పేరుకోవడానికి వందల, వేల ఏళ్ళు కావాలి. పైగా ఆహారం పండించే పొలాలను వదులుకోమనడం కష్టం. ఇంటి కుండీలో బంతి మొక్కకు పీట్ బదులు మరొకటి వాడమనడం కష్టం కాదు. ఐర్లాండ్ ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా పీట్ తవ్వకాన్ని ఆపివేస్తున్నట్లు 2021లో ప్రకటించింది. బ్రిటన్ ప్రభుత్వం ఇంటి తోటల్లో పీట్ వాడకం 2020 నాటికి స్వచ్ఛందంగా ఆగిపోవాలని 2011లో లక్ష్యం పెట్టుకుంది, అది నెరవేరలేదు. 2024 నాటికి ఇంగ్లండ్‌లో ఇంటి తోటలకు అమ్మకాన్ని నిషేధిస్తామని 2022లో ప్రకటించినా, ఆ గడువులోగా చట్టం రాలేదు. చట్టం కోసం ఎదురుచూడకుండా కొనేవారే నిర్ణయించుకోవడం మేలని నాకు అనిపించడానికి ఇదే కారణం.

ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోవాలంటే సంచి మీది సమాచారం సరిగ్గా ఉండాలి, అక్కడే ఈ తయారీదారు నన్ను బాధపెట్టాడు. ముందువైపు పెద్ద అక్షరాలతో పర్యావరణ హితం అని ఉంది. ఏ పదార్థం ఎన్ని పాళ్ళు ఉందో వెనుకవైపు కూడా లేదు. పీట్ తగ్గించాం అని రాసిన ఇతర సంచులతో మరింత జాగ్రత్తగా ఉండాలి, వాటిలో సగానికి పైగా పీట్ ఉన్నా ఆ మాట అబద్ధం కాదు. పీట్ లేదు అని స్పష్టంగా రాసి ఉంటేనే కొనాలి. నాణ్యతకు ఈ మిశ్రమానికి 5కు 4 ఇస్తాను, సమాచారానికి 1 ఇవ్వడానికే మనసు రావడం లేదు.

కొనేవారు తయారీ తేదీని తప్పక చూడాలి. పీట్ సంచిలో ఏళ్ళ తరబడి పెద్దగా మారదు, ఈ మిశ్రమం మాత్రం సంచిలోనూ కుళ్ళుతూనే ఉంటుంది, కలిపిన ఎరువు మెల్లగా తరిగిపోతుంది. కొత్త సంచినే ఎంచుకుని, నీడలో మూతి కట్టి ఉంచి, ఆ సాగుకాలంలోనే వాడేయాలి. మిగిలితే దాన్ని కొత్త కుండీలకు వాడకుండా పాత మొక్కల మొదళ్ళ దగ్గర పైపొరగా పరిస్తే వృథా కాదు.