మనీలాలో గుర్రబ్బండి దోపిడీ, బులకాన్‌లో ఖర్చులేని చరిత్ర

మనీలాకు వెళ్ళే తెలుగువారిలో అక్కడ వైద్యం చదివే పిల్లల కోసం వెళ్ళేవారూ ఉంటారు. మేము కూడా మా మేనల్లుడిని చూడడానికే వెళ్ళాము. అయితే స్పెయిన్ పాలనలో ఆయుధం పట్టకుండా పత్రికలతో, నవలలతో సంస్కరణలు కోరిన ఫిలిపినో రచయితల ఊళ్ళు చూడాలని నాకు ఏనాటి నుంచో కోరిక ఉండడంతో, సముద్రతీరాల పర్యటన రద్దు చేయించి అందరినీ ఆ దారి పట్టించాను. ఎర్మిటాలో గది అద్దె రోజుకు 2,600 పెసోలు. గది శుభ్రంగా ఉంది, అంతకు మించి చెప్పవలసింది లేదు.

చెప్పవలసింది ఇంట్రామురోస్‌లోని గుర్రబ్బండి గురించి. స్పెయిన్ వారు కట్టిన ఆ గోడల నగరంలో కలెసా అనే బండి తోలే ఒకతను అరగంటకు 300 పెసోలని చెప్పి మా ముగ్గురినీ ఎక్కించుకుని, అడగని చోటల్లా ఆపి, దిగే సమయానికి ఆ ధర మనిషికని, పైగా గంట పూర్తయిందని లెక్క చెప్పి 1,800 పెసోలు అడిగాడు. మా మేనల్లుడు వచ్చీరాని తగలాగ్‌లో వాదించగా వాదించగా చివరికి 1,200కు దిగాడు. గుర్రం బక్కచిక్కి ఉందని మొదటి నుంచీ ఆ బండి వద్దన్న మా ఆవిడ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. డబ్బు కన్నా నన్ను ఎక్కువగా బాధించింది అతను దారి పొడవునా చెప్పిన చరిత్ర. నేను చెప్పిన ఆ రచయితల్లో ముఖ్యుడు, నవలాకారుడు హోసే రిజాల్ తుపాకీ పట్టి తిరుగుబాటు నడిపాడట! నిజానికి 1896లో స్పెయిన్‌పై తిరుగుబాటుకు సిద్ధమవుతున్న కటిపునన్ అనే రహస్య సంఘం దూత దపితాన్ ప్రవాసంలో ఉన్న రిజాల్‌ను కలిసినప్పుడు, ప్రజలు ఇంకా సిద్ధంగా లేరని ఆయన ఆ తిరుగుబాటును సమర్థించలేదు. డిసెంబరులో జైలు నుంచే దానిని ఖండిస్తూ ప్రకటన కూడా రాశాడు. ఆయనా, ఆయన సహచరులూ అడిగినవి స్పెయిన్ పార్లమెంటులో ప్రాతినిధ్యం, చట్టం ముందు సమానత్వం, పత్రికా స్వేచ్ఛ, చర్చిలలో ఫిలిపినో పూజారులకు స్థానం. అంత మాత్రం అడిగినవాడిని కూడా ఆ ప్రభుత్వం కాల్చి చంపిందన్నదే అసలు కథ, బండివాడు మింగేసిన కథ.

ఇంట్రామురోస్‌లోనే ఉన్న శాంటియాగో కోటకు మేము వెళ్ళినప్పుడు టిక్కెట్టు 75 పెసోలు, ఆ ధరకు న్యాయమే. రిజాల్‌ను నిర్బంధించిన చోటు నుంచి నేటి రిజాల్ పార్కు దాకా ఆయన ఆఖరి నడకకు గుర్తుగా కంచు పాదముద్రలు పరిచారు. 1896 డిసెంబరు 30న కాల్చివేతకు ముందురోజు, తన వీడ్కోలు కవితను చిన్న స్పిరిట్ పొయ్యిలో దాచి, ఆ పొయ్యిని చెల్లెలు త్రినిదాద్‌కు ఇస్తూ, లోపల ఒకటి ఉందని కాపలావారికి తెలియకుండా ఇంగ్లీషులో చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్ళు. అది విన్నాక మా ఆవిడ కోపం కాస్త తగ్గింది.

రిజాల్ పుట్టిన ఊరు కలాంబాలోని ఆయన ఇంటికి ప్రవేశం ఉచితం. అయితే అది 1950లో తిరిగి కట్టిన ఇల్లు, నేలా మెట్లూ మెరిసిపోతున్నాయి, విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలతో కిక్కిరిసి ఉంది. డొమినికన్ మఠం భూముల కౌళ్ళ తగవులో ఆ కుటుంబంతో పాటు ఎందరో రైతులు ఇళ్ళు పోగొట్టుకున్న ఊరు ఇదేనని ఆ మెరుపులో స్ఫురించదు. దారిలో 290 పెసోలకు కొన్న, ‘పై’ అనే లేతకొబ్బరి కూరిన తీపి వంటకం మాత్రం మా మేనల్లుడికి ఇంటి కంటే ఎక్కువ నచ్చింది.

నన్ను నిజంగా కదిలించింది మరో సంస్కరణవాది డెల్ పిలార్ పుట్టిన బులకాన్. మలోలోస్ దాకా బస్సు, అక్కడి నుంచి జీప్నీ అనే జీపు లాంటి చిన్న బస్సు, ఆపైన ట్రైసికిల్ అనే, పక్కన తొట్టి బిగించిన మోటారుసైకిల్ బండి. ముగ్గురికీ కలిపి ఒక వైపు 460 పెసోలు అయింది. శాన్ నికోలాస్‌లోని మార్సెలో డెల్ పిలార్ స్మారకంలో ఆ పూట మేము తప్ప సందర్శకులు లేరు. అక్కడి ఉద్యోగిని ఒకావిడ వెంట ఉండి అంతా ఓపికగా వివరించి, ఇవ్వబోయిన డబ్బు నవ్వుతూ తిరస్కరించింది. మతగురువుల ఆగడాలను ఎండగట్టడానికి ప్రార్థనలకే పేరడీలు రాసిన ఈ న్యాయవాది, అరెస్టు తప్పదని తెలిసి 1888లో భార్యాపిల్లలను వదిలి స్పెయిన్ వెళ్ళాడు. తోటి సంస్కరణవాది గ్రాసియానో లోపెజ్ హయెనా సంపాదకత్వంలో 1889 ఫిబ్రవరి 15న బార్సిలోనాలో మొదలైన ‘లా సొలిదారిదాద్’ పక్షపత్రికను ఆ ఏడాది చివర తన చేతికి తీసుకుని, మాడ్రిడ్ నుంచి 1895 నవంబరు దాకా నడిపాడు. స్వదేశం నుంచి చందాలు ఆగిపోయాక తిండికీ కరువైంది. 1896 జూలైలో క్షయతో బార్సిలోనాలో మరణించాడు. అదే ఊళ్ళో, అదే జబ్బుతో, అదే ఏడాది జనవరిలో హయెనా కూడా పోయాడు. డెల్ పిలార్ అస్థికలు 1920లో స్వదేశం చేరి, 1984లో ఈ ప్రాంగణానికి వచ్చాయి. రిజాల్ పేరు పార్కులకూ వీధులకూ కనిపించే దేశంలో, ఆరేళ్ళు పత్రిక బరువు మోసినవాడి దగ్గరకు సందర్శకులే లేకపోవడం నాకు అన్యాయంగా తోచింది.

బయట ఒక దుకాణంలో, కొబ్బరిపాలతో వండి ఆకులో చుట్టిన జిగురు బియ్యపు సుమాన్ ఒక్కొక్కటి 15 పెసోలకు దొరికింది. అప్పటిదాకా శాకాహారం దొరకక బిస్కెట్లతో గడుపుతున్న మా ఆవిడ నాలుగు తిని, గుర్రబ్బండి సంగతి మొదటిసారి నవ్వుతూ చెప్పింది.

వెళ్ళేవారు సోమవారం మానుకోండి, ఈ మ్యూజియాలకు ఆ రోజు సెలవు. కలెసా ఎక్కాలనిపిస్తే ధర బండికా మనిషికా, ఎన్ని నిమిషాలకు అన్నది తోలేవాడి చేత ఫోనులో రాయించి మరీ ఎక్కండి. ఇంట్రామురోస్ నడిచి చూడగలిగినంత చిన్నదే కనుక అసలు ఎక్కకపోవడమే మేలు. కోటకు తోడు మరొక్క చోటికే వ్యవధి ఉంటే కలాంబా వదిలి బులకాన్‌కే వెళ్ళమంటాను, ఆ కొబ్బరి ‘పై’ సాక్షిగా మా మేనల్లుడు ఒప్పుకోకపోయినా సరే.