పాయింట్లు సమానమైతే ఎవరు పైన? కాలేజ్ హాకీ టైబ్రేకర్లలో ఏది మేలు

2025 మార్చి మొదట్లో అమెరికాలో బిగ్ టెన్ కాలేజ్ లీగ్ ముగిసేసరికి మిషిగన్ స్టేట్, మిన్నెసోటా సమాన పాయింట్లతో పైన నిలిచాయి. ఇది మన గడ్డి మీద ఆడే హాకీ కాదు, ఐస్ హాకీ. టైటిల్ ఇద్దరికీ చెరిసగం అన్నారు. టైటిల్ పంచుకోవచ్చు గానీ ఒకటో సీడు, అంటే ప్లేఆఫ్స్‌కి వెళ్లే జట్ల వరుసలో మొదటి స్థానం, పంచుకోలేరు. టైబ్రేకర్, అంటే సమానమైనవాళ్లలో ఎవరు పైనో తేల్చే రూలు, చూశారు. ఆ సీడు మిషిగన్ స్టేట్‌కి దక్కింది. ఏడు జట్ల ప్లేఆఫ్స్‌లో ఒకటో సీడుకి మొదటి రౌండ్ ఆడే పని లేదు. రెండో సీడు మాత్రం ఆ ఏడాది ఏడో సీడుతో మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడాల్సి వచ్చింది. మిన్నెసోటా ఆడింది, సొంత రింక్ (మంచు మైదానం)లోనే నోటర్ డేమ్ చేతిలో ఓడింది. మిషిగన్ స్టేట్ దర్జాగా విశ్రాంతి తీసుకుని చివరికి ఆ టోర్నీ గెలిచింది. సీజనంతా సమానంగా ఆడిన రెండు జట్ల దారులు ఒక్క రూలు దగ్గర వేరైపోయాయి.

అలాంటప్పుడు ఏ రూలు పెడితే న్యాయం?

ఎక్కువమంది ఒప్పుకునేది ముఖాముఖి రికార్డు. నువ్వూ నేనూ సమానమైతే మనిద్దరం ఆడినప్పుడు ఎవరు గెలిచారో చూడు, అంతే. క్రికెట్ చూసేవాళ్లకి ఇది ఎంత తేడా తెస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. 2019 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్, కోల్‌కతా, పంజాబ్ మూడూ 12 పాయింట్ల దగ్గర ఆగాయి. నెట్ రన్‌రేట్ పుణ్యమా అని మనవాళ్లు నాలుగో స్థానంలో ప్లేఆఫ్స్‌కి వెళ్లి, విశాఖలో ఢిల్లీతో ఎలిమినేటర్ ఆడారు. అదే ముఖాముఖి లెక్క వేసి ఉంటే? ఆ ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌లలో కోల్‌కతా మూడు గెలిచింది, మనం రెండు, పంజాబ్ ఒకటి. హైదరాబాద్ ఇంటికి, కోల్‌కతా ప్లేఆఫ్స్‌కి!

ముఖాముఖి బలం ఎన్నిసార్లు తలపడ్డారన్నదాని మీద ఉంటుంది. బిగ్ టెన్‌లో ప్రతి జట్టూ మిగతా ఆరింటితో నాలుగేసి సార్లు ఆడుతుంది, మొత్తం 24 మ్యాచ్‌లు. నాలుగంటే నమ్మొచ్చు. హార్వర్డ్, కోర్నెల్ ఉండే ఈసీఏసీ అనే ఇంకో కాలేజ్ లీగ్‌లో 12 జట్లు, ఒక్కో ప్రత్యర్థితో రెండే మ్యాచ్‌లు. చెరొకటి గెలిస్తే ఆ రూలు చేతులెత్తేస్తుంది. బోస్టన్ జట్లుండే హాకీ ఈస్ట్ లీగ్‌లో ఇంకో చిక్కు: 11 జట్లకి 24 మ్యాచ్‌లు కాబట్టి కొందరితో రెండుసార్లు, కొందరితో మూడుసార్లు ఆడతారు. మూడుసార్లంటే ఒకరికి సొంత రింక్‌లో ఒక మ్యాచ్ ఎక్కువ. ముగ్గురు సమానమైతే చెప్పనే అక్కర్లేదు. మొదటివాడు రెండోవాణ్ణి, రెండోవాడు మూడోవాణ్ణి, మూడోవాడు మళ్లీ మొదటివాణ్ణి ఓడించాక ఎవరిని పైన పెడతావ్?

గోల్ తేడా సంగతి చెప్తాను, ఇది నాకు అసలు నచ్చదు. ఆఖరి రెండు నిమిషాలు. 3-2తో వెనకబడ్డ జట్టు కోచ్ చెయ్యి ఊపి గోలీని (గోల్‌కీపర్‌ని) బయటికి పిలుస్తాడు, అతని బదులు ఇంకో ఆటగాణ్ణి దాడికి పంపుతాడు. వెనక గోల్ ఖాళీ. అవతలివాడికి పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరికితే రింక్ ఆ చివర నుంచి ఒక్క తోపు తోస్తాడు, అది తాపీగా జారుకుంటూ వలలో పడుతుంది. 4-2. మ్యాచ్ కాపాడుకోవాలని ధైర్యం చేసినందుకు తేడా రెట్టింపు. ఊరికే ఓడిపోయిన జట్టుకి మాత్రం ఒక్క గోలే నష్టం. ఇదేం న్యాయం? పైగా బలహీనమైన జట్టు మీద ఏడెనిమిది గోల్స్ దంచమని ప్రోత్సహించినట్టు కూడా.

మిగిలింది గెలుపుల సంఖ్య. ఇక్కడ తిరకాసు ఓవర్‌టైమ్‌లో ఉంది. మ్యాచ్ మామూలు సమయమైన 60 నిమిషాల్లో గెలిస్తే 3 పాయింట్లు. అప్పటికీ సమానమైతే ఓవర్‌టైమ్. ఓవర్‌టైమ్‌లో గెలిస్తే 2, అందులో ఓడినా 1. ఓవర్‌టైమ్ అంటే అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, 5 నిమిషాలు. రింకంతా ఖాళీగా ఉంటుంది, చూడ్డానికి భలే టెన్షన్, కానీ అది దాదాపు వేరే ఆట. ఇప్పుడు లెక్క చూడండి. ఒక జట్టు 60 నిమిషాల్లో 10 గెలిచింది, 30 పాయింట్లు. ఇంకో జట్టు 60 నిమిషాల్లో 8, ఓవర్‌టైమ్‌లో 3 గెలిచింది, అదీ 30 పాయింట్లే. మొత్తం గెలుపులు చూస్తే రెండో జట్టు పైన, 60 నిమిషాల గెలుపులే చూస్తే మొదటిది. నా ఓటు మొదటిదానికే. అసలు ఆటలో పని ముగించినవాడు పైనుండాలి.

ఈసీఏసీ లాంటి చోట్ల పట్టికలో టాప్ జట్ల మీద రికార్డు కూడా చూస్తారు. మంచిదే గానీ ఆఖరి శనివారం రాత్రి ఆ టాప్ జట్లే స్థానాలు మారిపోతే మన స్థానం కూడా వాటితో మారుతుంది. అభిమాని కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

నన్నడిగితే బిగ్ టెన్‌లో ముఖాముఖి మొదట, తర్వాత 60 నిమిషాల గెలుపులు. రెండు మూడుసార్లే తలపడే లీగుల్లో దీన్ని తిరగెయ్యాలి. ముగ్గురు సమానమైనప్పుడు అన్నిచోట్లా 60 నిమిషాల గెలుపులతోనే మొదలుపెట్టాలి. గోల్ తేడా ఎప్పుడంటారా? ఇంకేమీ మిగలనప్పుడు, అదీ ఖాళీ వలలో పడ్డ గోల్స్ తీసేసి.