మా డౌట్ల పుస్తకం: తొమ్మిదో తరగతి నుంచి వాడుతున్నాక

కందుకూరు దగ్గర మా ఊళ్లో ట్యూషన్ పెట్టించే స్తోమత అందరికీ లేదు. అందుకే తొమ్మిదో తరగతిలో మేం ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాం. రానిది రాసిపెడితే, వచ్చినవాళ్లు దాని కింద రాస్తారు. పుస్తకం రోజుకొకరి ఇంటికి వెళ్తుంది. ఇప్పుడు ఇంటర్‌లోనూ నడుస్తోంది. చాలా పనికొచ్చింది, కాకపోతే అడిగేవాళ్లు తాము ఎంతవరకు చేశారో రాయాల్సిందే.

పదో తరగతిలో ఒక లెక్క: పుటాకార దర్పణం నాభ్యంతరం (ఎఫ్) 15 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో (యు) ఉంది, ప్రతిబింబం ఎక్కడ? మావాడొకడికి మైనస్ 10 వచ్చింది. లెక్కంతా రాశాడు కాబట్టి ఎక్కడ తప్పాడో తెలిసింది. చూసిన అమ్మాయి జవాబు చెప్పలేదు. "ఎఫ్‌కి మైనస్ పెట్టావు, యు కి ఎందుకు పెట్టలేదురా?" అని రాసి వదిలేసింది. మర్నాటికి మైనస్ 30 తెచ్చాడు, పక్కన బొమ్మ కూడా గీశాడు. వస్తువు వక్రతా కేంద్రం దగ్గర, అంటే నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో ఉంటే ప్రతిబింబం కూడా అక్కడే, అంతే సైజులో తలకిందులుగా.

అదే అమ్మాయికి ఉత్పలమాల, చంపకమాల ఎప్పుడూ కలిసిపోయేవి. ఈసారి వాడు రాశాడు: "ఈ రెండింట్లో ఏదో తేలాలంటే మొదటి అక్షరం చూడు. గురువైతే ఉత్పలమాల, భరనభభరవ, యతి 10. లఘువైతే చంపకమాల, నజభజజజర, యతి 11." తిక్కన తిరిగిన నెల్లూరు సీమలో పుట్టి ఛందస్సులో మార్కులు పోగొట్టుకుంటే నాకు మనసు ఒప్పదు.

సోషల్‌కి మాత్రం ఇది పెద్దగా ఉపయోగపడలేదు. గైడు చూసి పేరాలు దించేవాళ్లు, అంతే.

అసలు ఇబ్బంది, తప్పు కూడా ధీమాగా రాసేస్తారు. పుపుస ధమనిలో ఆక్సిజన్ ఉన్న రక్తం పోతుందని ఒకరు రాస్తే చాలామంది అదే ఎక్కించుకున్నారు. ధమని అయినా అది గుండె నుంచి ఊపిరితిత్తులకు తీసుకెళ్లేది ఆక్సిజన్ తక్కువున్న రక్తమే. మేడమ్ పేపర్లు దిద్దేటప్పుడు గానీ బయటపడలేదు. అప్పటి నుంచి జవాబు పక్కన పాఠ్యపుస్తకం పేజీ నంబర్ వేయాలని పెట్టుకున్నాం. మీరు మొదలుపెడితే మొదటి రోజే ఆ పద్ధతి పెట్టండి.

పేరు రాయాలంటే కొందరు అసలు అడగరు. ఆ నిబంధన తీసేశాక భిన్నాల కూడిక లాంటివి కూడా వస్తున్నాయి. ఇంటర్‌లో ఇదేం ప్రశ్న అని ఎవరూ అనట్లేదు, వాటికీ మెట్టు మెట్టుగా చేసి చూపిస్తున్నాం.