టాంగ్ టెస్టరుతో ఓములు, వాట్లు: దేవరకొండ పనుల్లో ఏళ్ల వాడకం తరువాత సమీక్ష

దేవరకొండ చుట్టుపక్కల ఇళ్ల వైరింగుకూ, బత్తాయి తోటల్లోని బోరు మోటార్ల పనికీ కొన్నేళ్లుగా నేను వాడుతున్నది మధ్యరకం ధరలో దొరికే టాంగ్ టెస్టరు, అంటే వైరును దవడల మధ్య పట్టుకుని అందులోని కరెంటును కొలిచే మీటరు. ఇది వాట్లను చూపదు; వోల్టులను, ఆంపియర్లను చూపుతుంది, మిగిలిన లెక్క మనమే చేసుకోవాలి. ఆ లెక్క ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలిసినవారికి ఇది ఎంతో విలువైన పనిముట్టు.

నీళ్లు కాచే హీటరు రాడ్డు విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. 212 వోల్టుల వద్ద అది 6 ఆంపియర్లు తీసుకుంటే, భాగిస్తే నిరోధం సుమారు 35 ఓములు, గుణిస్తే 1272 వాట్లు వస్తాయి. రాడ్డు మీద 1500 వాట్లని రాసి ఉన్నా అది 230 వోల్టులకు చెప్పిన మాట. వోల్టేజి 200కు పడిపోతే దాదాపు పావు వంతు వేడి తగ్గిపోతుంది కనుక, నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయని రాడ్డును మార్చే ముందు వోల్టేజిని చూడడం మంచిది.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది లూజు కనెక్షన్లను పట్టుకోవడంలోనే. హీటరు నడుస్తుండగా దాని స్విచ్చు రెండు టెర్మినళ్ల మీద ప్రోబులు (మీటరు తీగల లోహపు మొనలు) జాగ్రత్తగా ఆనిస్తే, ఆరోగ్యంగా ఉన్న స్విచ్చులో దాదాపు ఏమీ కనిపించదు. అక్కడ 3 వోల్టులు కనిపించి, లోడు 6 ఆంపియర్లు ఉంటే, ఆ స్విచ్చులో అర ఓము నిరోధం ఉన్నట్టు, 18 వాట్లు అక్కడే వేడిగా మారుతున్నట్టు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే కదా. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం ఇందువల్లే. ఇదే స్విచ్చును సరఫరా ఆపి ఓము రేంజిలో చూస్తే నమ్మకమైన జవాబు రాదు, ఎందుకంటే ప్రోబులు రెండూ కలిపినా మీటరు కొన్ని పదో వంతుల ఓములు చూపుతుంది, పైగా అది పంపే కరెంటు అతి స్వల్పం.

మోటారు దగ్గర మాత్రం ఈ పద్ధతిని అలాగే వాడకూడదు. సింగిల్ ఫేజు మోటారు వైండింగు (లోపలి తీగ చుట్టలు) 4 ఓములుంటే 230 వోల్టుల వద్ద లెక్క ప్రకారం 57 ఆంపియర్లు రావాలి, కానీ తిరుగుతున్న మోటారు అందులో కొద్ది భాగమే తీసుకుంటుంది. 5 హెచ్‌పీ త్రీ ఫేజు మోటారు 415 వోల్టుల వద్ద 7.5 ఆంపియర్లు తీసుకుంటే, త్రీ ఫేజు లెక్కకు వాడే 1.732తో కూడా గుణించినప్పుడు సుమారు 5390 వస్తుంది. అది వోల్ట్ ఆంపియర్లే గాని వాట్లు కావు. వోల్ట్ ఆంపియర్లలో నిజంగా వాట్లయ్యే వంతును చెప్పే పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే వాట్లు 4300 చిల్లర. ఇంకొక తేడా రైతులకు తప్పక చెబుతాను: వోల్టేజి తగ్గితే హీటరు తక్కువ కరెంటు తీసుకుంటుంది, లోడుతో తిరిగే మోటారు ఎక్కువ తీసుకుంటుంది. కరెంటు మితిమీరితే మోటారును ఆపేసే, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే సెట్టింగును ఇష్టం వచ్చినట్టు పెంచకూడదనేది అందుకే.

లోపాల సంగతికి వస్తే, దవడల మధ్య మట్టి చేరి పూర్తిగా మూసుకోకపోతే రీడింగు తక్కువ వస్తుంది. ఫేజు, న్యూట్రల్ కలిపి పట్టుకుంటే సున్నా చూపుతుంది, ఒక్క వైరునే పట్టాలి. తక్కువ కరెంటును ఇది సరిగా చూపదు. వైరును దవడల్లోంచి పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగిస్తే సరిపోతుంది. నా మీటరు డీసీ కరెంటును కొలవదు కనుక, సోలార్ పంపుల పని కూడా చేసేవారు డీసీ కొలిచే రకాన్నే తీసుకోవాలి.