పీపీఎస్‌ఎస్‌పీపీ: ఫోన్‌లో పీఎస్‌పీ గేములకి ఇదే బెస్ట్

పీఎస్‌పీ (సోనీ వాళ్ళ చేతిలో పట్టుకునే గేమ్ కన్సోల్) గేముల్ని వేరే పరికరాల్లో ఆడించే సాఫ్ట్‌వేర్, అంటే ఎమ్యులేటర్, ఏది మంచిదని ఎవరడిగినా కళ్ళు మూసుకుని పీపీఎస్‌ఎస్‌పీపీ పేరే చెప్తా. 2012లో హెన్రిక్ రిడ్‌గార్డ్ మొదలెట్టాడు, నింటెండో గేముల కోసం వచ్చిన డాల్ఫిన్ ఎమ్యులేటర్ మొదలెట్టినవాళ్ళలో కూడా ఆయన ఒకడు, కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్. బయోస్ ఫైల్ (కన్సోల్ లోపల ఉండే సిస్టమ్ సాఫ్ట్‌వేర్) కోసం వెతుక్కునే పనే లేదు, పీఎస్‌పీ సిస్టమ్ చేసే పనులన్నీ దీని డెవలపర్లే కూర్చుని మళ్ళీ రాశారు, అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఒరిజినల్ స్క్రీన్ 480×272 మాత్రమే కదా, సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 4 రెట్లు పెట్టండి, రేసింగ్ గేముల్లో కార్ల అంచులు నున్నగా వచ్చేస్తాయి, మెనూల్లో అక్షరాలు మాత్రం కాస్త మసగ్గానే ఉంటాయి. టచ్ బటన్లు నాకైతే నచ్చలేదు, కంట్రోలర్ ఉంటే వాడండి. 2024లో ఐఫోన్ యాప్ స్టోర్‌లోకి కూడా వచ్చింది. ఫ్రీ వెర్షన్ చాలు గానీ వీలైతే గోల్డ్ అనే పెయిడ్ వెర్షన్ కొనండి, ఆ డబ్బు డెవలపర్‌కే వెళ్తుంది.