మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020: నాగపూర్‌లో కలుద్దాం

ముందే చెప్తున్నాను, కంప్యూటర్‌లో విమానం నడిపే ఈ ఆటలో ఇది 2020 వెర్షన్ గురించి. 2024ది వచ్చి చాన్నాళ్లయింది గానీ మా గుంపులో ఇంకా ఎవరూ దానికి మారలేదు. గ్రాఫిక్స్ ఎలా ఉంటాయి, ర్యామ్ ఎంత కావాలి, లాప్‌టాప్ ఎంత వేడెక్కుతుంది అన్నవి యూట్యూబ్‌లో కావలసినంత దొరుకుతాయి, వాటి జోలికి పోను. ఈ సిమ్యులేటర్‌లో (మేం సిమ్ అంటాం) నాకు పిచ్చిగా నచ్చింది ఒకటే. ఎక్కడెక్కడో ఉన్న మనవాళ్ల విమానాలు మన ఆకాశంలోనే ఎగురుతూ కనబడటం.

కొన్న కొత్తలో దాన్ని అసలు పట్టించుకోలేదు. అందరిలాగే సెస్నా అనే చిన్న విమానం వేసుకుని సూర్యాపేట దగ్గర మా ఊరి మీద తిరిగాను. చెరువు ఉంది, రోడ్డు ఉంది, గుడి ఉండాల్సిన చోట మాత్రం రెండంతస్తుల డాబా ఉంది. శాటిలైట్ ఫోటోలు చూసి కంప్యూటరే ఇళ్లు కట్టుకుంటూ పోతుంది కాబట్టి ఇలాంటివి తప్పవు. విడుదలైన కొత్తలో లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌నే ఆఫీసు బిల్డింగ్ చేసేసింది, ఇక మా రామాలయం ఎంత! మెల్‌బోర్న్ శివార్లలో అయితే మామూలు ఇళ్ల మధ్య 212 అంతస్తుల స్తంభం ఒకటి లేచింది. జనమే వివరాలు నింపే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే నెట్ మ్యాపులో ఒక కుర్రాడు 2 కొట్టబోయి 212 కొట్టాడట, సిమ్ దాన్ని అలాగే నమ్మేసింది. ఆ స్తంభాన్ని చూడటానికి దేశదేశాల నుంచి జనం ఎగిరొచ్చారు. ఒక తప్పు అంకె కోసం ఇంతమంది కలుస్తున్నప్పుడు, నిజంగా జరిగినదాని కోసం మనం కలవలేమా బావా అని డాలస్‌లో ఉన్న మా బామ్మర్ది అన్నాడు. ఈ పిచ్చి అక్కడ మొదలైంది.

2022 నవంబరులో ఫ్లైట్ సిమ్యులేటర్‌కు 40 ఏళ్లు నిండిన సందర్భంగా ఉచిత అప్‌డేట్ ఒకటి ఇచ్చారు. రైట్ సోదరుల విమానం, లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్, డీసీ-3 లాంటి పాతవన్నీ అందులో వచ్చాయి. బామ్మర్ది అట్లాంటిక్ దాటుదాం అన్నాడు. లిండ్‌బర్గ్‌కు ముప్పై మూడున్నర గంటలు పట్టింది, అంతసేపు కూర్చునే ఓపిక నాకు లేదు. నా కళ్లు డీసీ-3 మీద పడ్డాయి. 1935 డిసెంబరు 17న మొదటిసారి గాల్లోకి లేచిన విమానం అది, మన దగ్గర డకోటాగానే అందరికీ తెలుసు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక మిగిలిన డకోటాలు చవగ్గా అమ్ముడుపోయాయి, వాటితో దేశంలో విమాన కంపెనీలు వరసగా పుట్టుకొచ్చాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది కూడా ఇవే. 1953లో ఈ కంపెనీలన్నిటినీ జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఈ డకోటాలతోనే 1949 జనవరిలో రాత్రి టపా సర్వీసు మొదలైంది. అప్పుడు కమ్యూనికేషన్ల మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి ఒక్కో విమానం రాత్రిపూట బయల్దేరి, దేశానికి నడిమధ్యన ఉన్న నాగపూర్‌లో కలిసేవి. అక్కడ టపా మార్చుకుని, ప్రయాణికులుంటే వాళ్లనూ మార్చుకుని, తెల్లారేసరికి మళ్లీ ఎవరి ఊరికి వాళ్లు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి అదనపు రుసుము లేకుండానే దేశంలో ఉత్తరాలను విమానంలో పంపే పద్ధతి కూడా వచ్చింది. మొదటిసారి చదివినప్పుడు నాకు తట్టింది ఒకటే: నలుగురు ఆడే మల్టీప్లేయర్‌కి ఇంతకంటే తయారుగా ఉన్న కథ ఎక్కడ దొరుకుతుంది?

పౌర్ణమి పడిన ఒక శనివారం కుదిరింది. బామ్మర్దిది కలకత్తా విమానం, విశాఖలో ఉన్న స్నేహితుడిది బొంబాయి, వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడిది ఢిల్లీ, నాది మద్రాసు. అందరం ఒక గ్రూప్‌లో చేరి, టైమూ వాతావరణమూ లైవ్‌లో పెట్టుకున్నాం. సిమ్‌లో మాట్లాడుకునే వీలు లేదు కాబట్టి పక్కన డిస్కార్డ్ యాప్ తెరిచాం. డకోటా వేగం గంటకు 280 కిలోమీటర్లకు అటూ ఇటూ. కలకత్తా నుంచి నాగపూర్ 980 కిలోమీటర్లు, మద్రాసు నుంచి 900 పైన, ఢిల్లీ నుంచి 850, బొంబాయి నుంచి 680. అర్ధరాత్రి పన్నెండుకి అందరూ చేరాలంటే బామ్మర్ది ఎనిమిదిన్నరకే లేవాలి. డాలస్‌లో అప్పుడు పొద్దున తొమ్మిది. పిల్లల టిఫిన్లు అవుతుండగా ఈయన కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయం రన్‌వే మీద ఇంజిన్లు వేడి చేస్తున్నాడు.

మద్రాసు నుంచి నాగపూర్‌కు మ్యాపు మీద సూటిగా గీత గీసి చూడండి. నెల్లూరు, ఒంగోలుకు కాస్త పడమరగా, సూర్యాపేట, వరంగల్ పక్కనుంచి, రామగుండం దగ్గర గోదావరి, ఆ పైన చంద్రపూర్. అంటే మద్రాసు విమానాశ్రయం మీనంబాకం వదిలిన కాసేపటి నుంచి గోదావరి దాటేదాకా కింద ఉన్నదంతా తెలుగు నేలే. నాకు ఈ సంగతి ఆ రాత్రి దాకా తట్టలేదు. ఎనిమిది వేల అడుగుల మీద, ఎర్రటి ప్యానెల్ లైట్ల వెలుగులో, ఎడమ కిటికీలోంచి ఎక్కడో దూరంగా నాగార్జునసాగర్ వెన్నెల్లో పళ్లెంలా మెరిసింది. తర్వాత సూర్యాపేట, హైదరాబాద్-విజయవాడ రోడ్డు పొడుగునా నారింజరంగు దీపాలు. చూడటానికి బాగుంది. అసలు చిక్కూ అక్కడే వచ్చింది. 1949 జనవరిలో అక్కడ సాగర్ లేదు, దానికి పునాది రాయి పడిందే 1955 డిసెంబరులో. సూర్యాపేట తాలూకాలో అప్పటికి పోలీసు చర్య జరిగి నాలుగు నెలలు. ఊళ్లలో మిలిటరీ క్యాంపులు, అడవుల్లో దళాలు. సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. అప్పటి మద్రాసు మెయిల్ పైలట్‌కు మా ఊళ్లన్నీ కటిక చీకటే. సిమ్ మనకు ఆనాటి విమానం ఇస్తుంది, నేల మాత్రం ఈనాటిదే. రాత్రి దీపాలు ఆపేసే స్విచ్ ఒకటి ఉంటే ఎంత బాగుండేదో!

గాలి మాత్రం అచ్చంగా తన పని తాను చేసింది. చలికాలంలో మధ్య భారతం మీద పై గాలులు పడమర నుంచి వీస్తాయి. దాంతో బొంబాయి విమానం పావుగంట ముందే వచ్చి నాగపూర్ మీద చక్కర్లు కొడుతుంటే, ఎదురుగాలిలో కలకత్తా విమానం ఈడ్చుకుంటూ వచ్చింది. సిమ్‌లోని ఏటీసీ (విమానాలకు దారి చెప్పే కంట్రోల్) మా నలుగురినీ ఒక గుంపుగా చూడదు, ఎవరి దారి వాళ్లకే చెప్తుంది. అందుకని దాన్ని నోరు మూయించి, ఒక్కొక్కరం వెయ్యి అడుగుల తేడాతో ఎత్తులు పంచుకున్నాం. విమానాల మీద తేలే పేర్లు కూడా ఆపేశాను. అలా ఆపితేనే అసలు మజా. చీకట్లో కళ్లు చికిలించి వెతుకుతుంటే నక్షత్రాల్లో ఒకటి కదిలినట్టు అనిపించింది. అది కాస్తా ఎర్రదీపం, పచ్చదీపంగా విడిపోయింది. "ఎడమవైపు ఉన్నది నువ్వేనా?" "లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తా చూడు." ఆర్పాడు, వెలిగించాడు. ఆ క్షణంలో నాకు ఒళ్లు జలదరించింది, నిజం.

మేనల్లుడు మాత్రం కనబడలేదు. మధ్యప్రదేశ్‌లో సాగర్ అనే ఊరు దాటాక హాస్టల్ నెట్ పోయింది, మా తెరల మీద నుంచి వాడి విమానం మాయం. వాడి కంప్యూటర్‌లో మాత్రం వాడు ఎగురుతూనే ఉన్నాడు, కింద నేల మసకబారిందంతే. "నేను దిగేశా మామా, ఇక్కడెవ్వరూ లేరు" అని ఫోన్. మేం ముగ్గురం ఉన్న నాగపూర్‌లో వాడు లేడు, వాడి నాగపూర్‌లో మేం లేం. ఆ నెట్ కంపెనీ పేరు రాయను గానీ, పరీక్షల ముందు రోజు కూడా అంతేనని వాడి ఏడుపు.

వాడికోసం ఇంజిన్లు ఆపి ఎదురుచూస్తుండగా అసలు విశేషం జరిగింది. మా పెద్దనాన్న ఆర్‌ఎమ్‌ఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే సార్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నారు. నిద్ర పట్టక లేచి వచ్చి, నా వెనక కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్నారు. ఏం చేస్తున్నామో చెప్పాను. కాసేపు తెర వైపు చూసి, "విమానాలైతే వచ్చినయి గానీ, సంచులేవిరా?" అన్నారు.

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. నైట్ ఎయిర్‌మెయిల్ సంచులు కట్టిన చేతులు కదా. మైకు ఆయన ముందుకు జరిపాను. ఒక్కో విమానంలో మిగతా మూడు ఊళ్లకూ వేర్వేరు సంచులుంటాయి, నాలుగు విమానాలకు కలిపి పన్నెండు రకాల మార్పిడి. ప్రతి సంచికీ లేబులు, సీలు, దానితో పాటు జాబితా. ఎక్కించేటప్పుడు లెక్క, దించేటప్పుడు లెక్క. "ఒక్క సంచి తప్పు విమానం ఎక్కిందంటే, మద్రాసు పోయేది కలకత్తాల తేల్తది. పైలట్‌దేముంది, ఆయన ఎగిరొస్తడు, పోతడు. ఉరుకులాటంతా కిందనే." సంచి మూసే టైము దాటాక పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్లకు లేట్ ఫీ స్టాంపు ఉండేదట. ఉద్యోగాల దరఖాస్తులకు చివరి తేదీ అయితే ఆ రద్దీ మరీ ఎక్కువట. బామ్మర్ది ఏదో అడగబోతుంటే ఆపి, "నువ్వు కలకత్తావి కదా, ఢిల్లీ ఇంకా రాలె. ఢిల్లీ సంచులు దిగకుండ నువ్వెట్ల లేస్తవు?" అని గద్దించారు. అప్పటిదాకా మెల్లగా జారుకుందామని చూస్తున్న బామ్మర్ది గమ్మున కూర్చున్నాడు.

నిజమే కదా. ఒక్క విమానం ఆలస్యమైతే నాలుగూ ఆగాల్సిందే. ఇన్ని చదివినా ఆ టెన్షన్ మాకు అర్థం కాలేదు, ఎన్నడూ విమానం ఎక్కని మనిషి ఒక్క ప్రశ్నతో అర్థం చేయించారు. ఆ సంభాషణ సాగుతుండగానే మేనల్లుడి నెట్ వచ్చింది, గాల్లోంచి ఊడిపడినట్టు వాడి డకోటా నా రెక్క పక్కన ప్రత్యక్షమైంది. పెద్దనాన్న "ఆఁ, ఇప్పుడు కానియ్యుండ్రి" అన్నారు. అప్పటినుంచి నాగపూర్‌లో గంటసేపు ఆగడం మాకు రివాజైంది. ఆగినంతసేపూ ఇళ్లలో దొరికిన పాత ఇన్‌లాండ్ లెటర్ల మీది పోస్టుముద్రల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టుకుంటాం.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి ఇవీ చెప్పాలి. మనవాళ్లు కనబడతారు అన్నాను గానీ, మూడు గంటల ప్రయాణంలో కనబడేది చివరి పది నిమిషాలే. దగ్గరికొస్తే విమానం వణుకుతుంది, ఆగి ఆగి దూకుతుంది, నేల మీద చక్రాలు ఒక్కోసారి సిమెంటులో కూరుకుపోయినట్టుంటాయి. ఆన్‌లైన్ ఆటల్లో మామూలే, అలవాటైపోతుంది. మన విమానం అవతలివాళ్ల దగ్గర లేకపోతే వాళ్లకు ఏదో సాదాసీదా బొమ్మ కనబడుతుంది. డకోటా అందరికీ ఉచితంగా వచ్చింది కాబట్టి మాకు ఆ బాధ తప్పింది. ఇద్దరూ ఒకే కాక్‌పిట్‌లో కూర్చుని ఒకరు గేర్లు, ఒకరు స్టీరింగ్ పంచుకోవాలంటే సిమ్‌లో నేరుగా కుదరదు. డకోటా తోకచక్రం విమానం కావడంతో నేల మీద ముక్కు పైకి ఉంటుంది, ఎదురుగా ఏమీ కనబడదు, పాములా వంకరలు తిప్పుకుంటూ పోవాలి. మా విశాఖ మిత్రుడికి అదే నచ్చలేదు, ఇప్పటికీ తిడతాడు.

ఇంకో మాట. తిరిగి లేచేటప్పుడు ఒక ఇంజిన్ ఆపి చూద్దామా అని మేనల్లుడు సరదాపడ్డాడు. 1953 డిసెంబరులో ఇదే నాగపూర్ నుంచి లేచిన మెయిల్ డకోటా ఒకటి ఇంజిన్ చెడి కాసేపటికే కూలిపోయింది, 13 మంది పోయారు, పైలట్ ఒక్కడే బతికాడు. ఆ సంగతి చెబితే వాడే వద్దన్నాడు.

కొనమంటారా అంటే, నా సంగతి వేరు. ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యారు, శనివారం రాత్రి నన్నెవరూ అడగరు, నెట్ అన్‌లిమిటెడ్. నేల బొమ్మలన్నీ నెట్ నుంచే దిగుతాయి కాబట్టి రోజుకింత డేటా అని లెక్క చూసుకునే ఇంట్లో ఇది కష్టం. ఒంటరిగా ఎగిరేవాళ్లకు నెల తిరక్కుండానే ఖరీదైన మ్యాపులా అనిపించే ప్రమాదమూ ఉంది. ఇద్దరు ముగ్గురు మనవాళ్లు, ఒక పాత విమానం, ఆ విమానం గురించి నిజంగా తెలిసిన ఒక పెద్దమనిషి కుదిరితే మాత్రం సంకోచించకుండా తీసుకోండి.

వచ్చే అక్టోబరు 15కి కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయిలోని జుహూ వెళ్లాలని అనుకుంటున్నాం. 1932లో జేఆర్‌డీ టాటా టపా తీసుకుని పుస్ మాత్ అనే చిన్న విమానం నడిపిన దారి అది. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు తీసుకెళ్లాడు, ఆ ముక్క నాకు కావాలని ముందే చెప్పి పెట్టాను. సిమ్‌తో వచ్చే విమానాల్లో పుస్ మాత్ లేదు. దాని బదులు సెస్నా 152 చాలని నేను, రెక్కలకు గుడ్డ చుట్టిన పాతకాలపుదే కావాలని బామ్మర్ది. పెద్దనాన్న మాత్రం, ఏదైనా సరే, ఈసారి సంచుల జాబితా రాసుకుని మరీ బయల్దేరమన్నారు.