ధర్మాబాద్ నుంచి ఖోడద్ దాకా: డిష్‌లు, లాడ్జీలు, చందాల లెక్క

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, మిర్చి బేరం దగ్గర రెండూ. ఇక్కడి తెలుగు మీడియం బడిలో లెక్కలు చెప్తాను. మా తమ్ముడి కొడుకు నాందేడ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "అత్తా, ఫిబ్రవరి 28న, సైన్స్ దినం నాడు ఖోడద్‌లో పెద్ద రేడియో టెలిస్కోప్ దగ్గరికి అందర్నీ రానిస్తారట, పోదామా?" అన్నాడు. ఆ రోజే సెలవు చీటీ రాసిచ్చాను.

ఖోడద్ ఊరు పుణెకి ఉత్తరంగా 80 కిలోమీటర్ల దూరంలో, నారాయణ్‌గావ్ పక్కన ఉంది. మాకు ముందు నాందేడ్ దాకా రైలు, అక్కణ్నుంచి పుణెకు రాత్రి రైలు, ఆపైన నాసిక్ రోడ్డు మీద ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ఆర్టీసీది.

నాందేడ్‌లో రెండో రైలుకు నాలుగు గంటల టైముంది. స్టేషన్‌లో దోమలతో కూర్చోకుండా హుజూర్ సాహిబ్ గురుద్వారాకు వెళ్లాం. ఈ ప్రయాణంలో మేం చేసిన తెలివైన పని అదే. లంగర్‌లో వేడి రొట్టెలు, పప్పు కడుపునిండా పెట్టారు. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లినా నిశ్చింతగా కూర్చోవచ్చు. తలమీద బట్ట మాత్రం ఉండాలి. మావాడు రుమాలు మర్చిపోయి నా తువ్వాలు కట్టుకున్నాడు.

పుణె నుంచి బస్సు బాగానే కదిలింది కానీ చాకణ్ దగ్గర ఫ్యాక్టరీల లారీల మధ్య గంటసేపు ఇరుక్కుంది. ఆ దారిన వెళ్లేవాళ్లు తెల్లవారేసరికే పుణె దాటితే మంచిది.

నారాయణ్‌గావ్‌లో హైవే పక్కన ఒక లాడ్జీకి ఫోన్లోనే ఐదొందలు అడ్వాన్స్ పంపాను. తీరా వెళ్తే మా గది పెళ్లివాళ్లకు ఇచ్చేశారు. బదులుగా చూపించిన గదికి లోపల గడియే లేదు. అడ్వాన్స్ అడిగితే "ఓనర్ వచ్చాక" అన్నారు. గొడవ పడే ఓపిక లేక ఆటో ఎక్కి ఓఝర్ వెళ్లిపోయాం. అష్టవినాయకుల్లో ఒకరైన విఘ్నేశ్వరుడి ఊరది. గుడివాళ్ల భక్త నివాస్‌లో గది దొరికింది. హంగులేం లేవు గానీ ఉతికిన దుప్పట్లు, గట్టి గడియ ఉన్నాయి. తెల్లవారుజామున గుడిగంటలే అలారం. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఓఝరే. ఆటో అతను మాత్రం "రాత్రి చెరకు తోటల వైపు నడవకండి, చిరుతలున్నాయి" అన్నాడు. జున్నర్ తాలూకాలో అది ఉత్తుత్తి బెదిరింపు కాదు.

పొద్దున నారాయణ్‌గావ్‌లో మిసళ్ (మొలకల కారం కూర, పావ్) తిన్నాం. నాకు కారం చాలలేదు, మిర్చి ఊరిదాన్ని కదా. హోటలాయనకు టెలిస్కోప్ మీద కోపం. పుణె–నాసిక్ కొత్త రైలు మార్గం దాని వల్లే తమ ఊరికి దక్కకుండా పోతోందని. నిజమే, సిగ్నళ్లకు అడ్డమని ఆ మార్గాన్ని మార్చాలన్నారు. ఆకాశం నుంచి వచ్చే సన్నటి రేడియో తరంగాలను పట్టే టెలిస్కోప్ ఇది, చుట్టుపక్కల వేరే సిగ్నళ్ల సద్దు ఉండకూడదు. మా సెల్‌ఫోన్లు కూడా స్విచాఫ్ చేయించారు.

లోపల మొదటి డిష్ కింద నిలబడ్డాక కాసేపు మాట రాలేదు. అడ్డంగా 45 మీటర్లు. అలాంటివి 30. పధ్నాలుగు మధ్యలో దగ్గర దగ్గరగా, మిగతా పదహారు మూడు దిక్కులకు, పాతిక కిలోమీటర్ల మేర పొలాల మధ్య. అంత పెద్ద డిష్‌లో రేకు లేదు, సన్నటి స్టీలు తీగల జాలీయే. గాలి దూరి పోతుంది కాబట్టి బరువైన కట్టడం అక్కర్లేదు, ఖర్చూ తగ్గుతుంది. ఈ టెలిస్కోప్‌ను కట్టించిన శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ ఆలోచన ఇది. డబ్బు తక్కువున్న ఇల్లాలి తెలివి అనుకున్నాను.

స్టాళ్లలో పల్లె బళ్ల పిల్లల ప్రయోగాలు బాగున్నాయి. తిండి దగ్గర తోపులాట, మంచినీళ్లకు పెద్ద క్యూ. సీసా వెంట తీసుకెళ్లండి.

నేను ఎక్కువసేపు ఆగింది ఎస్‌కేఏ పోస్టర్ దగ్గర. స్క్వేర్ కిలోమీటర్ అర్రే అని, చాలా దేశాలు చందాలేసుకుని కడుతున్న రేడియో టెలిస్కోప్. దక్షిణాఫ్రికాలో 197 డిష్‌లు, ఆస్ట్రేలియాలో మనిషెత్తు యాంటెన్నాలు 1,31,072. అక్కడున్న, పరిశోధన చేస్తున్న అబ్బాయిని డబ్బు సంగతి అడిగాను. 2030 దాకా కట్టడానికి, నడపడానికి కలిపి సుమారు 200 కోట్ల యూరోలు. మన వాటా కింద 2024 మొదట్లో కేంద్రం ప్రకటించింది 1,250 కోట్ల రూపాయలు, ఏడేళ్లకు. అణుశక్తి శాఖ, సైన్స్ టెక్నాలజీ శాఖ కలిసి పెట్టుకుంటాయి.

"మరి మనకేం వస్తుంది?" అన్నాను. డబ్బిచ్చిన దేశానికి దానికి తగ్గ పని కూడా అప్పగిస్తారట. మొత్తం టెలిస్కోప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌లో ముఖ్యభాగం మన పుణెవాళ్లది. నాకు ఊరి గుడి చందాలు గుర్తొచ్చాయి. ఎక్కువ రాసినవాడు వంట కాంట్రాక్టు తన బావమరిదికే కావాలంటాడు. ఇక్కడ ఆ మాటను ముందే కాగితం మీద పెట్టేశారు, అంతే తేడా.

చందా తక్కువైతే గోపురం ఎత్తు తగ్గినట్టు ఇక్కడా తగ్గింది. 2013లో మొదటి దశ కట్టడానికి 65 కోట్ల యూరోలు దాటకూడదని గీత గీశారు. 2015లో కోత పడింది: రెండున్నర లక్షల యాంటెన్నాలు సగానికి దిగాయి, 254 డిష్‌లు 197 అయ్యాయి. ఆస్ట్రేలియాలో రావాల్సిన మూడో టెలిస్కోప్ వాయిదా పడింది. పేరులో మాత్రం చదరపు కిలోమీటరు అలాగే ఉంది. 2025 మార్చిలో వచ్చిన తొలి చిత్రం 1,024 యాంటెన్నాలతోనే తీసింది. 1,31,072లో సరిగ్గా 128వ వంతు! లెక్కల టీచర్ని, ఆగలేకపోయాను, అక్కడే పిల్లలతో భాగహారం చేయించాను.

స్థలం తగాదా ఇంకా రుచిగా ఉంది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా రెండూ నాకంటే నాకన్నాయి. 2012 మేలో తీర్పు చెప్పారు: చెరొకటి. ఆఫీసేమో ఇంగ్లండ్‌లో. ఒప్పందం మీద రోమ్‌లో సంతకాలయ్యేసరికి 2019, పని మొదలయ్యేసరికి 2021. ఆలస్యం అని ఆ అబ్బాయి నిట్టూర్చాడు. నాకలా అనిపించలేదు. మా ఊరి పక్కనే బాబ్లీ బ్యారేజీ ఉంది. ఒకే గోదావరి మీద 2.74 టీఎంసీల కోసం మహారాష్ట్ర, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టు దాకా పోయాయి. తీర్పు వచ్చింది కూడా ఇలాంటి ఫిబ్రవరి 28నే, 2013లో. ఆ గొడవ చూస్తూ పెరిగిన మాకు, ఖండాల మధ్య పంపకం తుపాకీ పేలకుండా తెగడమే పెద్ద వింత.

అదే రాత్రి పుణెలో రైలెక్కి, మార్చి 1 పొద్దున నాందేడ్‌లో దిగి, ఇంటికెళ్లి సామాను పడేసి, మావాడితో బాబ్లీకి వెళ్లాను. కోర్టు చెప్పినట్టు ఏటా ఆ రోజు 0.6 టీఎంసీ శ్రీరామ్‌సాగర్‌కు వదులుతారు. గేటు కింద నుంచి నీళ్లు పారుతున్నాయి. గట్టు మీద టెంటు కింద తెలంగాణ ఇంజినీర్లు, మహారాష్ట్ర ఇంజినీర్లు, ఢిల్లీ నుంచి వచ్చిన కేంద్ర జల సంఘం వాళ్లు ఒకే ఫ్లాస్కు టీ తాగుతున్నారు.

"కొలిచేదెవరు అత్తా?" అన్నాడు మావాడు.

"ముగ్గురూ కొలుస్తారు. ముగ్గురూ సంతకం పెడతారు."

లాడ్జీవాళ్లకు మళ్లీ ఫోన్ చేశాను. ఓనర్ ఇంకా రాలేదట.